ఆరో మంచం, ఏడో మంచం, చేపనూనె

"ఇక మీదట పిల్లుల్ని వార్డులోకి రానివ్వకమ్మా," అన్నాడు డాక్టరు, రైలు కిటికీలోంచి తల బయటికి పెట్టి.

"మీరే పోతాండారు కద సార్. ఇంగ వాటికి ఈడ ఏం పని?" అన్నాను నేను.

ఆయన నవ్వుతుండగానే రైలు కదిలింది. ఆదోని స్టేషన్లో పత్తి బేళ్ళ పక్కన నిలబడి చెయ్యి ఊపాను. మేమిద్దరం మాట్లాడుకున్న చివరి మాటలు అవే. ఆయన ఏ ఊళ్ళో పనిచేస్తున్నాడో కొన్నాళ్ళు తెలిసేది, తర్వాత తెలియలేదు. చాలా ఏళ్ళకు మా పాత కాంపౌండరు ఇంటికొచ్చి డాక్టరు పోయాడని చెప్పాడు. ఇద్దరం టీ తాగుతూ ఏడవబోయి, పిల్లి సంగతి గుర్తొచ్చి నవ్వేశాం. పోయినవాళ్ళను తలుచుకుని నవ్వడం తప్పయితే ఆ తప్పు మేము చేశాం.

ఆ సంగతే ఇప్పుడు చెబుతున్నాను. రాస్తున్నది మా తమ్ముని కోడలు. నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను. అంతకు మించి రాదు. ఈ పిల్ల నర్సు చదువు చదువుతోంది. ఆమెతో చదివే ఆడపిల్లలు కూడా ఇది చదువుతారట. చదవండి తల్లీ. మీ పుస్తకాల్లో లేనిది ఏదో ఒకటి ఇందులో దొరక్కపోదు.

నా మొగుడు ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ. పెళ్ళైన ఏడో ఏట జ్వరం తగిలి మూడు రోజుల్లో పోయాడు. నేను అప్పటికి జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పనిలో ఉన్నాను. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంది. మిల్లుల వైపు పోయే దారిలో ఊరి వ్యాపారస్తులు చందాలేసుకుని కట్టిన చిన్న ధర్మాసుపత్రి ఒకటి ఉండేది, ఇప్పుడు లేదు. అక్కడ ఆయా పనికి మనిషి కావాలంటే పోయి చేరాను. తాత్కాలికం అన్నారు. ఆ తాత్కాలికం మూడేళ్ళు నడిచింది.

నన్ను కాలిన గాయాల గదిలో వేశారు. ఆ వాసనకు అక్కడ ఎవరూ నిలిచేవాళ్ళు కాదు, నేను నిలిచాను. అందరూ ధైర్యం అనుకున్నారు. ధైర్యమూ కాదు, గాడిదగుడ్డూ కాదు. మిల్లు దుమ్ముకు నా ముక్కు సగం చచ్చిపోయి ఉండేది.

మా వైపు కాలడానికి దారులకు కొదవ లేదు. ఆదోనిలో కిరసనాయిలు స్టవ్వులు, మిల్లుల్లో పత్తికి అంటుకునే నిప్పు. ఎమ్మిగనూరులో ఇంటింటా మగ్గం, మగ్గమున్న చోట మరిగే రంగు, మరిగే గంజి. వారానికి ఇద్దరు ముగ్గురు తప్పకుండా వచ్చేవారు. నా పని పుండు కడగడం. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళు పోసి పాత గుడ్డను నానబెట్టి, దానంతట అది ఊడి వచ్చేదాకా ఆగాలి. పీకకూడదు. మందు పూయడం, గుడ్డ చుట్టడం తర్వాత. ఇంకో వింత చెప్పనా? ఊరంతా పత్తే, గాలిలో కూడా పత్తే, కానీ ఆసుపత్రి దూది మాత్రం బయట ఊరి నుంచి పొట్లాల్లో వచ్చేది. మిల్లు పత్తి తడి పీల్చదు, నీళ్ళ మీద బాతులా తేలుతుంది.

డెబ్బై ఎనిమిదో తొమ్మిదో సంవత్సరంలో, సముద్రం వైపు నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. ఆయన మాట మాకు సినిమా మాటలా వినిపించేది. "అలాగేనండి" అంటే వార్డంతా కిసుక్కున నవ్వేది. ఆయన నాయనమ్మ కాలిన చోట చేపనూనె పూసేదట, బాగా మానేదట. అది నిజమా, ముసలామె నమ్మకమా తేల్చాలని ఆయన పట్టుదల.

చేపనూనె సముద్రం ఒడ్డు నుంచి రైల్లో డబ్బాల్లో వచ్చింది. ఒక డబ్బా దారిలో కారి ఎవరిదో పత్తి బేలు మీద పడింది. పార్శిలు ఆఫీసులో గుమాస్తా ముక్కుకు తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. మా కాంపౌండరు సాయెబు ఆ డబ్బాలు జట్కాలో వేసుకొస్తే గుర్రం కూడా తుమ్మిందట. ఆ మాట ఆయన చెప్పిందే, నిజమో కాదో గుర్రానికే తెలియాలి.

మందు కలిపేది కాంపౌండరే. సగం డబ్బాల్లో వేసెలిన్లో చేపనూనె కలిపి, సగం డబ్బాల్లో ఉత్త వేసెలిన్ పెట్టి, వాసన తెలియకుండా అన్నిట్లో నీలగిరి తైలం చుక్కలు వేశాడు. ఒక్కో డబ్బా మీద ఒక్కో మంచం నంబరు అంటించాడు.

డాక్టరు నన్ను పిలిచి చెప్పాడు: "చూడమ్మా, ఏ డబ్బాలో చేపనూనె ఉందో నాకు తెలియకూడదు, నీకు తెలియకూడదు, పేషెంటుకీ తెలియకూడదు. కాంపౌండరు ఒక్కడికే తెలుసు. అతను కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటిస్తాడు. ఆఖర్న విప్పి చూద్దాం."

"వండినామెకు తెల్సి వడ్డించేటామెకు తెలీకుంటే ఎట్ల సార్?"

"వడ్డించే ఆవిడకి తెలిస్తే ఇష్టమైనవాళ్ళకి ఇంకో గరిటె వేస్తుంది కదా. నాకు తెలిస్తే నా కన్నే నాతో అబద్ధం చెబుతుంది. చేపనూనె పూసిన పుండు మానినట్టే కనబడుతుంది."

కాంపౌండరు నోటి మీద వేలు పెట్టుకుని, "ఖుదా మీద ఒట్టు సార్. ఇంగ ఈ నోటికి తాళం," అన్నాడు.

డాక్టరు ప్రతి మంచం దగ్గరికీ పోయి అడిగాడు కూడా. "ఇందులో చేపనూనె ఉండొచ్చు, లేకపోనూవచ్చు. మీకు ఇష్టమేనా? లేకపోతే మామూలు మందే వేస్తాం," అన్నాడు. అందరూ తల ఊపారు. తెల్లకోటు వేసుకున్న మనిషి నిలబడి అడుగుతుంటే మంచం మీద పడుకున్న మనిషి తల ఊపక ఏం చేస్తుంది? ఆ సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆరో మంచం మీద ఒక సావుకారమ్మ. కజ్జికాయలు వేయిస్తుంటే బాణలి ఒరిగి కుడి చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది. ఆసుపత్రి కమిటీలో ఆమె భర్త పెద్ద. వాళ్ళు కర్నూలుకు పోగలరు, హైదరాబాదుకు పోగలరు. "మనం కట్టించిన ఆసుపత్రిలో మనమే పండుకోకుంటే ఎవురు పండుకుంటారు?" అని పట్టుబట్టి ఇక్కడే చేరింది. మంచి మనిషి. కానీ ఉల్లిగడ్డ వాసనకే తల తిప్పుకునే ఇల్లు వాళ్ళది.

ఏడో మంచం మీద ఎమ్మిగనూరు నేతగాళ్ళ కోడలు. ఇరవై దాటి ఉండదు. నూలుకు పెట్టే గంజి గంగాళం జారి ఎడమ చేతి మీద పడింది. గంజి నీళ్ళలా జారిపోదు, అంటుకుని కూర్చుని కాలుస్తుంది. ఆ పిల్లకు నోరెక్కువ, భయం ఇంకా ఎక్కువ. రోజూ నన్ను అడిగేది: "అక్కా, వేళ్ళు వంగకుంటే దారం ముడి ఎట్ల ఏసేది?"

వారం తిరగకముందే పిల్లి వచ్చింది. వంటగది వెనక తిరిగే మచ్చల పిల్లి. వంటగది వైపు వరసలో ఇంకెక్కడా ఆగకుండా నేరుగా పోయి ఆరో మంచం కింద పడుకుంది. ఆ వరసలో చేపనూనె పడింది ఆ ఒక్క మంచానికేనని కవరు విప్పాక తెలిసింది. తోలితే పోయేది, మళ్ళీ వచ్చి అక్కడే చేరేది. నీలగిరి తైలం మనుషుల ముక్కుకు సరిపోయింది గానీ పిల్లి ముక్కుకు సరిపోలేదు.

"ఏమే ఆయా, ఈ పిల్లి నా మంచం కిందనే యాల పండుకుంటాది?" అంది సావుకారమ్మ.

నేను నోరు తెరిచేలోపు ఏడో మంచం అందుకుంది. "యాలంటే ఏందమ్మా! మీకు సేప పడినాది. నాకు ఉత్త వేసెలిన్ పడినాది. అదృష్టమంతా మీ సావుకార్లదే!"

"గమ్మునుండే! ఆ పేరు ఎత్తొద్దు."

"పేరు ఎత్తకుంటే పిల్లి లేసి పోతాదా?"

అప్పటికి అందరం నవ్వాం. కానీ మర్నాడు పుండు కడుగుతుంటే సావుకారమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. చెయ్యి బాగైతే మంత్రాలయం వస్తానని మొక్కుకుందట. "తుంగభద్రలో మునిగి ఈ సేయే కదనే జోడించాల? దీనికి రోజూ సేప పూసి యా మొగంతో పోయేది?"

"డాక్టరు సారుతో సెప్పండమ్మా, మారుస్తాడు."

"నేనే వద్దంటే ఇంగ ఊళ్ళో ఎవురు పూయించుకుంటారే? పెద్దాయన పెండ్లామే వద్దనినాదంట అని బజారంతా అంటారు. తలకాయ ఊపితి కద, ఇంగ ఊపినట్టే."

ఆ పక్క మంచం మీద ఎమ్మిగనూరు పిల్ల గోడ వైపు తిరిగి, "నా కాడికి ఒక పిల్లీ రాదు," అని ముక్కు ఎగబీల్చింది.

ఇక నా సంగతి చూడండి. ఒకామెకు ఉన్నది వద్దు, ఇంకొకామెకు లేనిది కావాలి. మంచాల నడుమ నేను, నా ట్రేలో రెండు డబ్బాలు. రెండు చూడ్డానికి ఒకటే. ఇంత సులువైన సంగతి మీద ఇద్దరు ఆడవాళ్ళు ఏడుస్తున్నారు! నేను పెద్దగా ఆలోచించలేదు. ఆ పొద్దు ఆరో డబ్బా ఏడో మంచానికి, ఏడో డబ్బా ఆరో మంచానికి పూశాను. ఆ తర్వాత రోజూ అలాగే. వాళ్ళకు కూడా నోరు విప్పి చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది, రెండు రోజుల్లో పిల్లి లేచి ఏడో మంచం కిందికి మారింది.

ఎమ్మిగనూరు పిల్ల కిందికి వంగి చూసి, నా వైపు చూసి, దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది. సావుకారమ్మ కళ్ళు మూసుకుని మంచి చేత్తో నా చెయ్యి నొక్కింది. నేను దేవతనైపోయాననుకున్నాను.

ఆ సాయంత్రం కాంపౌండరు గదిలోకి వచ్చాడు. ఏడో మంచం కింద పిల్లిని చూశాడు. ఆరో మంచం చూశాడు. మళ్ళీ పిల్లిని చూశాడు. మీసం తిప్పుకుంటూ నన్ను చూశాడు. ఏదో అనబోయి, చటుక్కున నోటి మీద వేలు పెట్టుకుని వెళ్ళిపోయాడు. కడుపునొప్పేమో అనుకున్నాను.

డాక్టరు వారానికోసారి కొలిచేవాడు. వాడేసిన ఎక్స్‌రే ఫిల్ము కడిగితే అద్దంలా అవుతుంది. దాన్ని పుండు మీద ఆనించి అంచు వెంట పెన్నుతో గీసి, ఆ గీతను గళ్ళ కాగితం మీద పెట్టి ఎన్ని గళ్ళు ఉన్నాయో చూసేవాడు. ఆరో మంచం గీత వారం వారం చూస్తుండగానే చిన్నదైపోయింది. సావుకారమ్మ చర్మమే అలాంటిదో, తిండి బలమో, ఆ గదిలో అందరికంటే ముందు మానింది. ఏడో మంచం మెల్లగా మానింది. కానీ వేళ్ళు వంగాయి. వంగేదాకా నేను పొద్దున సాయంత్రం ఆ పిల్ల చేత తిట్టి తిట్టి వేళ్ళు ఆడించాను.

సావుకారమ్మ ఇంటికి పోయింది, మంత్రాలయం పోయొచ్చింది, నాకు ప్రసాదం పంపింది. ఎమ్మిగనూరు పిల్ల బస్సెక్కింది. మిగతా మంచాలు కూడా ఖాళీ అయ్యాయి. ఒకరోజు డాక్టరు కాంపౌండరు కవరు తెప్పించి అందరి ముందూ విప్పాడు. వేలు పెట్టి చదువుకుంటూ పోయి ఆరో నంబరు దగ్గర ఆగాడు.

"చూశారా! చేపనూనె! అందరికంటే ముందు మానింది ఎవరికి? ఆరో మంచానికి! మా నాయనమ్మ గెలిచింది!"

ఆయన ఎగిరిన ఎగురుకు కుర్చీ పడింది. నేను వంగి కుర్చీ లేపి పెట్టాను. కాంపౌండరు తన చెప్పులవైపే చూస్తున్నాడు.

నాలుగు రోజుల్లో ఆయన హైదరాబాదులో డాక్టర్ల సభకు పోవాలి. అక్కడ ఇదంతా చదువుతాడు. అదే వారం కమిటీ కూర్చోబోతోంది. నన్ను పర్మనెంటు చేయాలన్న మాట కమిటీ ముందుకొచ్చే కాగితాల్లో ఉంది. "మా ఇంట్లోవాళ్ళను తల్లి మాదిరి సూసుకున్నావు," అని సావుకారే పైకి తెచ్చాడు. నోరు మూసుకుంటే ఉద్యోగం, నోరు విప్పితే వీధి. మొగుడు లేని మనిషిని, మళ్ళీ మిల్లుకు పోతే దగ్గుకే పోతాను. మొదటి రెండు రోజులూ నోరు మూసుకున్నాను. ఎవరికి నష్టం? ఇద్దరి చేతులూ బాగైపోయాయి కదా!

మూడో రోజు పొద్దున్నే ఎమ్మిగనూరు నుంచి ఒక డాక్టరు వచ్చాడు. ఆరో మంచం కథ అప్పుడే అక్కడికి చేరిందట. రెండు పెద్ద డబ్బాల నిండా చేపనూనె మందు కలిపించుకుని, ఇక తన దగ్గర అందరికీ ఇదేనని చెప్పి తీసుకుపోయాడు. నా అబద్ధం నాకంటే ముందు బస్సెక్కేసింది. నేను బకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాను. ఆ మందు మంచిదో కాదో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలిసిందని అందరూ అనుకుంటున్నారు, అలా అనుకునేట్టు చేసింది నేను.

ఆ మధ్యాహ్నం డాక్టరు గదికి పోయాను. ఆయన సభకు చదివేది రాసుకుంటున్నాడు. కాంపౌండరు పక్కన నిలబడి కాగితాలు అందిస్తున్నాడు.

"సార్, ఆరో మంచానికి సేప పూయలేదు."

"ఏమిటి?"

"మొదటి వారం పూసినా. తర్వాత ఏడో డబ్బా పూసినా. ఏడో మంచానికి ఆరో డబ్బా. నేనే మార్చినాను సార్. ఎవురూ మార్చమనలేదు."

ఆయన పెన్ను మూత పెట్టాడు. ముఖం ఎర్రబడింది. "ఎందుకు?" అన్నాడు. సావుకారమ్మ మొక్కు చెప్పాను, ఎమ్మిగనూరు పిల్ల ఏడుపు చెప్పాను.

"ఇష్టం లేకపోతే చెప్పమని నేను అడిగాను కదా! ఆవిణ్ణి లెక్కలోంచి తీసేసేవాణ్ణి, అంతే కదా! మామూలు మందు వేసేవాళ్ళం!"

"అట్ల వద్దనొచ్చని మాకేం తెల్సు సార్? డాక్టరు అడిగితే ఊ అనేది మాకు అలవాటు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. తర్వాత ఉన్నట్టుండి ఇటు తిరిగి, "ఉండు. ఆరో డబ్బాలో చేపనూనె ఉందని నీకెలా తెలిసింది? నీకు ముక్కే పనిచేయదుగా!" అన్నాడు.

"పిల్లి సెప్పినాది సార్."

కాంపౌండరు ఇక ఆగలేకపోయాడు. "అవును సార్. ఆ బిల్లీ ఏడో మంచం కిందికి మారిన పొద్దే నాకు గుబులైంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఎట్ల సెప్పేది సార్? పిల్లి తప్పు మంచం కింద ఉండాదంటే, యా డబ్బాలో ఏముండాదో మీకు తెల్సిపోతాది కద! సెప్పొద్దని ఒట్టేయించిందీ మీరే. ఆ పొద్దు నుంచి నాకు అన్నం సరిగా దిగలేదు."

డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోప్పడాలనే చూశాడు పాపం. పెదవి బిగించాడు, బల్ల మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుని, రాసిన కాగితాల్లో మొదటి రెండు తీసి అడ్డంగా గీత కొట్టాడు. అప్పుడు నవ్వడం లేదు. ఎన్ని నెలల పనో నాకు తెలుసు. ఆ పెన్ను కాగితం మీద గీసిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఎమ్మిగనూరు నువ్వే పో. ఆ డాక్టరుకి నువ్వే చెప్పు. నేను చీటీ రాసిస్తాను," అన్నాడు.

పోయాను. ఆ డాక్టరు చీటీ చదివి, నన్ను తలుపు అవతల నిలబెట్టి, డబ్బాలు పక్కన పెట్టించాడు. తిట్టి ఉంటే బాగుండేది. వచ్చే దారిలో మగ్గాల వీధిలో ఆ పిల్ల ఇంటికి పోయాను. గుంతలో కాళ్ళు పెట్టుకుని మగ్గం దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి తెగిన పోగు రెండు కొసలు పట్టుకుని, ఎడమ చేత్తో గిరుక్కున ముడి వేసి చూపించింది. సంగతంతా చెప్పాను.

"అయితే అక్కా, నాకు సేప పూసినా నేనే ఆలస్యంగా మానితినా?"

"అవును తల్లీ."

"థూ! ఆ కంపు ఊరికే మోసితి కద!" అని నవ్వి, మజ్జిగ ఇచ్చి పంపింది.

కమిటీ కూర్చున్న రోజు నన్ను వరండాలో నిలబెట్టారు. లోపల మాటలు వినబడుతూనే ఉన్నాయి. డాక్టరు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒకాయన, "మందు మార్చిన మనిషిని రేప్పొద్దున ఎట్ల నమ్మేది? తీసేయండప్పా," అన్నాడు. అందులో తప్పేమీ లేదు, నేనైనా అదే అనేదాన్ని. సావుకారు మాత్రం, "అయితే మా ఇంట్లోవాళ్ళకు సేప తగల్లేదా?" అని రెండుసార్లు అడిగాడు. మొదటి వారం తగిలిందని డాక్టరు చెప్పాడు.

అప్పుడే జట్కా దిగి సావుకారమ్మ వచ్చింది. ఆ గదిలోకి ఆడమనిషి పోవడం అదే మొదలు. కుడి చేతికి గుడ్డ లేదు, కొత్త చర్మం పసిపాప అరికాలిలా ఎర్రగా ఉంది.

"మొదటి వారం తగిలినాది, నాకు తెల్సు. తెల్సే మంత్రాలయం పోయినాను. ఆ స్వామి ఏమీ అనలేదు, మీరేమంటారు? నాకు వద్దని సెప్పే ధైర్యం లేకపాయ. ఈమె నా పిరికితనం మోసినాది. తప్పే సేసినాది. మళ్ళీ వచ్చి తప్పని తానే సెప్పినాది. మీలో ఎవురన్నా అట్ల సెప్పినోళ్ళుంటే సేయెత్తండి, ఆ ఎత్తినాయన మాట మీద ఈమెను తీసేయండి."

ఎవరూ చెయ్యెత్తలేదు. ఆమె భర్త మీసం చాటున నవ్వుకున్నాడట, కాంపౌండరు తలుపు సందులోంచి చూశాడు.

నన్ను తీసేయలేదు. కానీ పర్మనెంటు కాగితం ఆపేశారు, ఇంకో ఏడాది చూద్దామన్నారు. అదీ న్యాయమే. డాక్టరు హైదరాబాదు పోయి మంచాలు రెండు తీసేసి చదివాడు. ఆ రెండూ తీసేస్తే చేపనూనెకూ ఉత్త వేసెలిన్‌కూ తేడా ఉందని చెప్పలేని పరిస్థితి. ఎందుకు తీసేశావని అడిగితే పిల్లి వల్ల అన్నాడట. పెద్ద పెద్ద డాక్టర్లు పొట్టలు పట్టుకుని నవ్వారట. "ఒక ముసలాయన మాత్రం నవ్వకుండా, మళ్ళీ మొదటి నుంచి చెయ్యి బాబూ అన్నాడమ్మా," అని నాతో చెప్పాడు.

మళ్ళీ మొదటి నుంచి చేశాం. పిల్లి దూరకుండా కిటికీలకు జాలీ కొట్టించారు. ఈసారి మంచాల దగ్గరికి పోయి అడిగే పని డాక్టరు నాకు అప్పగించాడు. "నేను అడిగితే తల ఊపుతారు. నువ్వు కూర్చుని అడుగు," అన్నాడు. అందుకే చెబుతున్నాను తల్లీ, నర్సులు కాబోయే మీరందరూ వినండి. నిలబడి అడగొద్దు. మంచం పట్టె మీద కూర్చోండి. వద్దంటే ఏమీ కాదని ముందు చెప్పండి, తర్వాత అడగండి, ఒక పూట ఆగి మళ్ళీ అడగండి.

మొదట నేను అడిగింది ఆస్పరి వైపు నుంచి వచ్చిన ఒక రైతు భార్యను. చొప్పకు నిప్పంటుకుని కాలు కాలింది. రెండుసార్లు చెప్పాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, గొంతు తగ్గించి, "వద్దంటే మందు ఏయకుండా తోలేస్తారా?" అంది.

"తోలరమ్మా. మామూలు మందు ఏస్తారు. నేనే పూస్తా."

"అట్లయితే వద్దు."

ఆ మాట పట్టుకుని వరండా అంతా పరిగెత్తాను. "సార్, ఆమె వద్దంటాండాది!" అని అరిచాను, ఏదో బహుమతి వచ్చినట్టు. డాక్టరు తల ఎత్తి, "సరే," అని తన పుస్తకంలో ఆ మంచం పక్కన చిన్న గీత గీశాడు. అంతే. ఇంకేమీ జరగలేదు. ఆకాశం విరిగి పడలేదు. ఆమెకు మామూలు మందు పూశాను, మానింది, ఇంటికి పోయింది.

రెండోసారి లెక్క తేలేసరికి ఏడాదిన్నర పట్టింది. చేపనూనె కీడు చేయదు, గొప్ప మేలూ కనబడలేదు అని తేలింది. డాక్టరు నాయనమ్మ ఓడిపోయింది. ఆయన ఆ మాటే రాసి సంతకం పెట్టాడు. నా పర్మనెంటు కాగితం కూడా ఆ నెలలోనే వచ్చింది. నేను పెట్టిన సంతకం వంకరగా ఉందని కాంపౌండరు ఏడిపించాడు. రిటైరయ్యేదాకా ఆ గదిలోనే పనిచేశాను. వద్దన్నవాళ్ళు ఎందరో లెక్కపెట్టలేదు గానీ, ఒక్కరినీ మరిచిపోలేదు.

ఇక చాలమ్మాయ్, చెయ్యి నొప్పి పుడుతుంది నీకు. ఆ పెన్ను అక్కడ పెట్టి, మొదటి నుంచి నాకు చదివి వినిపించు. నేను వద్దన్న చోట ఆగు, ఎందుకని అడగకుండా కొట్టెయ్యి.